ఆకు రాలేదాకా ఆగిన మా సర్వేయర్ సార్

మా సర్వేయర్ సార్ పోయారని కిందటి సోమవారం వాళ్ళ కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఆయాసం ఎక్కువైతే ఖమ్మం దవాఖానాకు తీసుకుపోయారట, తెల్లవారేసరికి ప్రాణం పోయిందట. ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను కారేపల్లిలో మా ఇంటి ముందు కూర్చుని మిర్చి తొడిమలు తీస్తున్నాను. ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను. మంటెత్తిపోతే అమ్మ నీళ్ళు తెచ్చి ముఖం కడిగింది. ఆయన చూసి ఉంటే, ఏడవడానికి కూడా ఒక పద్ధతి ఉంటది బిడ్డా అని తిట్టేవారు. ఆయనకు ప్రతిదానికీ ఒక పద్ధతి ఉండాలి.

ఇల్లందులో చర్చి నిండిపోయింది. పాస్టర్ గారు మాట్లాడుతూ, సార్ పరమ శాంతస్వభావులని, ఎన్నడూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదని చెప్పారు. వెనక బెంచీలో కూర్చున్న మా సర్వే టీము వాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. జీపు డ్రైవరుతో సహా ఆయన చేత తిట్లు తినని వాళ్ళు మాలో ఎవరూ లేరు. కాకపోతే ఆ కోపం మధ్యాహ్నం అన్నం వేళకు చల్లారిపోయేది. టిఫిన్ డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, పొద్దున ఎవరిని తిట్టారో వాళ్ళ పళ్ళెంలో తన కూర సగం వేసేవారు. తప్పయిందని నోటితో అనడం ఆయనకు రాదు, కూరతోనే అనేవారు. వాళ్ళింటి గోంగూర నేను చాలాసార్లు తిన్నాను.

ఆయన బొగ్గు బాయిలో సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి. అడవిలో పోడు చేసుకునే వాళ్ళకు హక్కు పత్రాలు ఇవ్వాలని చట్టం వచ్చాక, ఎవరి చేను ఎంతుందో కొలవడానికి మండలానికి కొన్ని టీములు పెట్టారు. మా టీముకు ఆయన్ను పెద్దగా వేశారు. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న నన్ను రాతపనికి తీసుకున్నారు. టీముకొక చేతి జీపీఎస్ ఇచ్చారు, సెల్‌ఫోన్ కన్నా కాస్త లావుగా ఉండేది. చేని మూలమూలకూ పోయి దాన్ని పట్టుకుని నిలబడితే, ఆకాశంలో శాటిలైట్ల నుంచి సిగ్నల్ అందుకుని ఆ మూల ఎక్కడుందో అంకెల్లో చూపిస్తుంది. మూలలన్నీ కలిపితే చేని పటం వస్తుంది.

మొదటి రోజు నేను దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని నిలబడ్డాను. సార్ కేకలేశారు. సగం ఆకాశానికి నా ఒళ్ళే అడ్డమైతే అది ఏం చూస్తుందని అడిగారు. చెయ్యి చాచి, తల కన్నా ఎత్తులో, పలకలా పట్టుకోవాలి. అంకెలు కుదురుకునేదాకా కదలకూడదు, తొందరపడకూడదు. “పెండ్లి చూపుల్ల పిల్లనడిగినట్టు అడగాలె దాన్ని. ఒక్కసారి అడిగి వచ్చెయ్యొద్దు” అనేవారు. తర్వాత ఎక్కడ ఏ అంకె చూసినా నాకు ఆ మాటే గుర్తొచ్చేది.

వానలు పట్టిన రోజుల్లో పై ఆఫీసు నుంచి ఒక కబురు వచ్చింది. చెట్ల కింద సిగ్నల్ సరిగా అందడం లేదంటున్నారు కాబట్టి, జీపీఎస్‌కు వైరుతో తగిలించే బయటి యాంటెన్నాలు కొంటాం, ఏ టీముకు కావాలో చెప్పండి అన్నారు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకం కదా మనం, అన్ని టీముల వాళ్ళూ మాకు కావాలంటే మాకు కావాలన్నారు. మా సార్ మాత్రం చూసి చెప్తా అన్నారు. మాకందరికీ చిన్నతనంగా అనిపించింది. పక్క టీము వాళ్ళు యాంటెన్నా ఊపుకుంటూ తిరుగుతుంటే మేము ఒట్టి చేతులతో పోవాలా అని డ్రైవరు గొణిగాడు.

సార్ ఆలోచన వేరు. ఎండపొడ పడే చేలల్లో యంత్రం నిక్షేపంగా పనిచేస్తోంది, అక్కడ యాంటెన్నా దండగ. జీపులో కూర్చుంటే పైన రేకు అడ్డమొచ్చి సిగ్నల్ పోతుంది, అక్కడ దాని వల్ల లాభమే, కానీ జీపులో కూర్చుని చేలు కొలుస్తామా? ఇక మిగిలింది చెట్ల కింద పడే మూలలు. చాలా చేలల్లో అవి ఒకటీ అరా. ఓపికగా నిలబడితే అవీ కుదురుకున్నాయి. అక్కర్లేదని చెప్పేద్దామనుకుంటుండగా ముత్తక్క చేను వచ్చింది.

ముత్తక్కది భద్రాచలం దారిలో, రోడ్డు దిగి చాలా లోపలికి పోతే వచ్చే గుంపు. అక్కడ చిన్న కోయపల్లెను గుంపు అంటారు. భర్త లేడు, మరిది సాయంతో జొన్న వేసుకుంటుంది. పోడు కొట్టేటప్పుడు వాళ్ళు ఏ చెట్టయినా కొడతారు గానీ ఇప్పచెట్టు జోలికి పోరు. అట్లా మిగిలిన ఇప్పచెట్లు మూడు ఆమె చేని పై మూలలో ఉన్నాయి. వాటి పక్కనే వాగు, వాగు అవతల రిజర్వు అడవి. జొన్నలు అయిపోయిన నెలల్లో ఆ ఇంటికి ఆధారం ఇప్పపువ్వే.

ఆ మూలలో మా యంత్రానికి పిచ్చెక్కింది. ముసురు పట్టిన రోజులు, తడిసిన ఆకు పైన గొడుగు పట్టినట్టుంది. ఒకసారి చూస్తే ఆ మూల వాగు దాటి రిజర్వులో ఉన్నట్టు చూపిస్తుంది, ఇంకోసారి చెట్లకు చాలా ఇవతల. వాగు దాటితే అడవి ఆక్రమణ అని మొత్తం దరఖాస్తే పక్కన పెడతారు. ఇవతలికి వస్తే చెట్లు మూడూ చేని బయటికి పోతాయి. ఏ అంకె రాసినా ఆమెకు నష్టమే. నేను రాయకుండా పెన్ను పట్టుకుని నిలబడ్డాను. ముత్తక్క మా ఇద్దరి ముఖాలూ చూస్తూ, ఏమైంది సారూ అని అడిగింది. సార్ పరధ్యానంగా, “ఆకు అడ్డమొస్తుందమ్మా. దీనికి ఆకాశం కనపడాలె” అన్నారు. రేపు ఇంకో సామాను తెచ్చి చూస్తామని చెప్పి వచ్చేశాం.

సాయంత్రం ఆయన తెలిసినవాళ్ళ దగ్గర ఒక యాంటెన్నా అడిగి తెచ్చారు. మర్నాడు మేము పోయేసరికి ముత్తక్క మరిది గొడ్డలితో ఇప్పచెట్టు పైన ఉన్నాడు. ఒక పెద్ద కొమ్మ కింద పడి ఉంది. ముత్తక్క దాని పక్కన కూర్చుని ఏడుస్తోంది. మాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆఫీసరు ఆకాశం కనపడాలన్నాడు కదా, అది హుకుం అనుకున్నారు. పట్టా కావాలంటే చెట్టు కొమ్మలు కొట్టాలి కాబోలనుకుని, మనసు చంపుకుని గొడ్డలి ఎత్తారు. తాతలనాటి నుంచి ఆ చెట్టు మీద గొడ్డలి పెట్టిన వాళ్ళు ఆ ఇంట్లో లేరు.

సార్ దిగు దిగు అని అరుచుకుంటూ పరుగెత్తారు. అసలే ఆయాసం మనిషి, చెట్టు దగ్గరికి చేరేసరికి మాట రాలేదు, చెయ్యి ఊపారు. మరిది దిగాడు. ముత్తక్క తలెత్తి, “నువ్వు జెప్తేనే గద సారూ కొట్టింది” అంది. కోపంగా కూడా అనలేదు. సార్ ఆమె ముందు ఆ బురదలోనే గొంతుకూర్చున్నారు.

“తప్పు నాదమ్మా. నోరు జారిన. ఇంకొక్క రెమ్మ గూడ కొట్టనియ్యకు, నేనొచ్చి చెప్పినా సరే” అన్నారు.

ఆయన నోటి వెంట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. ఆ తర్వాత కూడా వినలేదు.

ముప్పు అంతటితో పోలేదు. పచ్చి గాటు కనిపిస్తే, కొత్తగా చెట్లు కొట్టి భూమి ఆక్రమిస్తున్నారని ఫారెస్టు వాళ్ళు రాసుకోవచ్చు. సార్ దాన్ని దాచే ప్రయత్నం చెయ్యలేదు. తానే గార్డును పిలిపించి కొమ్మ చూపించారు. “ఈ కొమ్మ గొడ్డలితో పడలే, నా మాటతో పడ్డది. రాసుకుంటే నా పేరు రాసుకో” అన్నారు. గార్డు ఆ ప్రాంతం వాడే, ఇప్పచెట్టు విషయం అతనికీ తెలుసు. చెట్టు వైపు, ముత్తక్క వైపు చూసి ఏమీ రాసుకోకుండా వెళ్ళిపోయాడు.

అప్పుడు యాంటెన్నా బయటికి తీశాం. వెదురు కర్ర చివర కట్టి ఎత్తాం. నిజం చెప్పాలంటే కొంత మెరుగైంది. ఒళ్ళు అడ్డం తప్పింది, సిగ్నల్ కాస్త పెరిగింది. కానీ అంకెలు ఇంకా వాగుకు అటూ ఇటూ గెంతుతూనే ఉన్నాయి. తడి ఆకు కిందే ఉన్నంతసేపు కర్ర చివర ఉన్నా చేతిలో ఉన్నా ఒకటే. చెట్టు నెత్తి దాటి పైకి లేపాలంటే ఎంత కర్ర కావాలి? సార్ చాలాసేపు చూసి వైరు చుట్టి సంచిలో పెట్టేశారు. “వైరు తగిలిస్తే ఆకు పలచబడదు బిడ్డా” అన్నారు. మాకు యాంటెన్నా అక్కర్లేదని ఆ రోజే కబురు పంపారు.

మరి ముత్తక్క సంగతేమిటి? సార్‌కు ఒక దారి తెలుసు. బాయిలో ఆకాశం ఎక్కడిది, పైన తెలిసిన చోటు నుంచి కొలుచుకుంటూ లోపలికి పోవడమే వాళ్ళ పని. అట్లాగే చేని మధ్యలో ఎండపొడ పడే చోట యంత్రంతో చూసి, అక్కడి నుంచి మూల దాకా టేపు లాగుదామన్నారు. పైవాళ్ళు ఒప్పుకోలేదు. మూల మీద నిలబడి యంత్రం చూపిన అంకే కావాలి, చేతికొలత చెల్లదన్నారు. ఏదో ఒకటి రాసి నెలాఖరుకు ముగించమన్నారు. సార్ గుట్టెక్కి సిగ్నల్ దొరికిన చోట నిలబడి ఫోన్‌లోనే వాదించారు. అన్ని చేలూ ఇస్తాను, ఈ ఒక్కటీ ఇప్పుడివ్వను, ఇప్పచెట్టు ఆకు రాల్చినాక ఇస్తానన్నారు. అవతలి ఆయన నవ్వాడనుకుంటాను, సార్ ముఖం ఎర్రబడింది. చివరికి, ఆలస్యానికి బాధ్యత మీదే అని ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం సార్ కూర ఎవరికీ పెట్టలేదు, తనూ తినలేదు.

పని అయిపోయింది, టీము రద్దయింది. మిగతా గుంపుల్లో పత్రాలు వస్తాయని సంబరపడుతుంటే ముత్తక్క చేను ఒక్కటే ఆగిపోయింది. మర్చిపోయారేమో అని ఆమె అనుకుని ఉంటుంది. అబద్ధమెందుకు, నేనూ మర్చిపోయాను. శివరాత్రి దాటాక ఒకరోజు సార్ ఫోన్ చేశారు. “ఆకు రాలిందట బిడ్డా, జల్దీ రా, పోదాం” అన్నారు. యంత్రం ఒక్క పూటకు ఇమ్మని ఆఫీసు చుట్టూ ఆయన ఎన్ని తిరుగుళ్ళు తిరిగారో చెప్పలేదు. అప్పటికే నాలుగడుగులు వేస్తే ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. ఇంటికి వెళ్ళిపోదామా సార్ అంటే, మనం ఇంటికే పోతే ఆమె ఎక్కడికి పోతది అని అడిగారు.

మేము చేరేసరికి ఎండ ఇంకా పైకి రాలేదు. ఇప్పచెట్లు మూడూ మోడుల్లా నిలబడి ఉన్నాయి, కొమ్మల చివర పూలగుత్తులు తప్ప ఇంకేమీ లేవు. పైన ఆకాశమంతా కనిపిస్తోంది. చెట్ల కింద ముత్తక్క నేల ఊడ్చి శుభ్రంగా ఉంచుకుంది, దాని మీద పూలు రాలుతున్నాయి. సార్ మూల మీద నిలబడి, చెయ్యి చాచి యంత్రాన్ని తల పైకెత్తారు. నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. అంకెలు కాసేపు కదిలాయి, తర్వాత కుదిరాయి. ఆయన దించలేదు, మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పింది. వాగుకు ఇవతల, చెట్లకు అవతల.

“లోపల్నే ఉన్నయమ్మా. మూడూ నీ చేన్లనే ఉన్నయి” అన్నారు.

ముత్తక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత బుట్ట తీసుకుని ఆయన కాళ్ళ చుట్టూ పడిన పూలు ఏరడం మొదలుపెట్టింది. నేను అంకెలు రాసుకోవడం ఎప్పుడో అయిపోయింది. అడుగు వేస్తే పూలు తొక్కుతానని సార్ కదల్లేదు. రొప్పుతూనే, చెయ్యి ఇంకా పైకే పెట్టుకుని, ఆమె ఏరడం అయ్యేదాకా అక్కడే నిలబడ్డారు. ఆయన భుజం మీద పడిన పువ్వును కూడా ముత్తక్క తీసి బుట్టలో వేసుకుంది.