మోతి ముట్టని రొట్టె

మా పెద్దమ్మ పోయిన కబురు నాకు బీదర్ బస్సు కండక్టర్ చెప్పాడు. బడికి పోతూ రోడ్డు దాటుతుంటే బస్సు ఆపించి, మెట్టు మీద నిలబడే అన్నాడు: "సారూ, మీ పెద్దమ్మ తెల్లారంగ పోయింది. జర జల్ది పోన్రి. కుక్క ఎవ్వరిని దగ్గరికి రానిస్త లేదట."

అడగవలసిన మాటలు ఎన్నో ఉన్నాయి. నా నోట వచ్చింది మాత్రం, "దానికి ఎవరన్న ఏమన్న పెట్టిన్రా?" అని. ఆయన నన్ను వింతగా చూశాడు. మా పెద్దమ్మ సంగతి తెలిసినవాళ్ళయితే అలా చూడరు.

ఆమె మా అమ్మకు అక్క. పెళ్ళయిన కొత్తలోనే భర్త పోయాడు, పిల్లలు లేరు. జహీరాబాద్ నుంచి న్యాల్‌కల్ పోయే దారిలో ఎకరం అల్లం తోట, అందులోనే రెండు గదుల ఇల్లు. అల్లం భూమిలో ఉన్నన్నాళ్ళూ గడ్డపార ఉన్న ప్రతివాడూ దొంగే అని ఆమె నమ్మకం. అందుకే ఆ ఇంట్లో కుక్క లేని రోజు నేను చూడలేదు.

నయా పైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఆమె దగ్గర ఎర్ర కుక్క ఒకటి ఉండేది. ఒక సంత రోజు మధ్యాహ్నం నేను మేక కార్జం కొనుక్కుని, దారిలో ఆమెను చూసిపోదామని ఆగాను. తోక ఊపుతూ వచ్చిందని దానికి నాలుగు ముక్కలు వేశాను. పొద్దు గూకేసరికి నురగలు కక్కుకుని చచ్చిపోయింది. ఆ పూట కంచె మీంచి ఇంకెవడైనా ఏదైనా విసిరాడేమో దేవుడికే తెలియాలి. పెద్దమ్మ ఏడవలేదు.

"ఆ కార్జం ఏ దుకాన్ల తెచ్చినవ్ బిడ్డా?" అని మాత్రం అడిగింది.

చెప్పాను. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేనే పదిసార్లు ఎత్తాను. మిగిలిన కార్జం నేనే వండించుకుని తిన్నానని, నాకేమీ కాలేదని చెప్పేవాణ్ణి. "గట్లనా" అనేది. ఆ ఒక్క మాటకు నాకు ఒళ్ళు మండేది.

తర్వాత మోతి వచ్చింది. మూడు నెలల పిల్ల, నల్లటిది, ఒక చెవి వాలి ఉండేది. అప్పటినుంచి పెద్దమ్మ అనుమానానికి అంతు లేకుండా పోయింది. కుక్క నోటికి పోయేదేదైనా ముందు ఆమె ముక్కు దగ్గరికి రావాలి, ఆ తర్వాత నాలుకకు. మెడపట్టా కోసం చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పోయి, ఆరు తోలు ముక్కలు కొరికి చూసి ఏడోది తీసుకుంది. "అమ్మా, ఇది కుక్కకా, నీకా?" అని ఆయన నవ్వితే, "దానికి పండ్లు వస్తున్నయ్. ఇప్పుడు కొరికేది అదే గద, తోలు రంగుల విషమున్నదా లేదా నాకు ముందు తెల్వాలె" అంది.

పళ్ళు వచ్చే కుక్కపిల్ల మంచం కోళ్ళు కొరుకుతుంది కదా. అందుకని ఎడ్లకు నాడాలు కొట్టే చోట గిట్టలు చెక్కగా రాలిన పెచ్చులు ఏరుకొచ్చేది. కుక్కకు వాటిని మించింది లేదట. అవీ ఊరికే వేసేది కాదు. ఎద్దు కుంటుతున్నదా, గిట్టకు మందు పూశారా అని ఆరా తీసి, కడిగి, మూడెండలు ఎండబెట్టి అప్పుడు వేసేది. బొక్కలు మాత్రం ససేమిరా. ఉడికిన బొక్క చీలి గొంతులో గుచ్చుకుంటుందని కోడి బొక్కలయితే గడప దాటనిచ్చేది కాదు.

పాపం కడుక్కుందామని నేను హైదరాబాద్ పోయినప్పుడు ఇత్తడి మొలల మెడపట్టా, పోలీసులు ఊదే సీటీ, ఒక డబ్బా బిస్కిట్లు తెచ్చాను. మూడూ ముందు పెట్టాను. పట్టాను తిప్పి చూసి, మొలల మొనలు లోపలికి తేలి ఉన్నాయని పక్కన పెట్టింది. బిస్కిట్ కొరికి, "చక్కెర ఉన్నది. తీపి అలవాటైన కుక్క ప్రతోని చెయ్యి నాకుతది" అంది. సీటీని మాత్రం చాలాసేపు చూసింది.

"సీటీ ఎవడైన ఊదుతడు బిడ్డా. నా గొంతు ఎవడు తెస్తడు?"

ఆమె సామానంతా ఒక నార తాడు, ఎండబెట్టిన జొన్నరొట్టె ముక్కలు, అంతే. రొట్టె నేల మీద వేసి, మోతి వంగగానే తాడు మెల్లగా లాగేది. నెల తిరిగేసరికి నేల మీద పడ్డది అమృతమైనా అది ముట్టేది కాదు. చేతిలోంచి తినడం నేర్పేటప్పుడు మాత్రం మాకు వీపు తిప్పి, కొంగు అడ్డం పెట్టుకునేది. ఏళ్ళు గడిచినా అంతే. నేను అదే రొట్టె, అదే ముక్క చేతిలో పెట్టుకుని పిలిస్తే మోతి వాసన చూసి తల తిప్పుకునేది. పెద్దమ్మ చూసి కూడా తన పని చూసుకునేది. ఎర్ర కుక్కను నేనే చంపానని ఆమె నమ్ముతోందని అప్పుడు నాకు రూఢి అయింది. చెప్పుకుంటే సిగ్గు, కుక్క ముందు దోషిగా నిలబడ్డాను.

పోయిన నెల జ్వరం అని తెలిసి వెళ్ళాను. పక్క తోట ఆడవాళ్ళు ఇద్దరు, ఆమె మరిది కొడుకు, ముగ్గురూ మంచం చుట్టూ ఉన్నారు. నన్ను చూసి, తలగడ పక్కనున్న రొట్టె తుంచి ఎడమ చేత్తో నాకు అందించింది. కుడిచెయ్యి ఖాళీగానే ఉంది. నేను కుడిచెయ్యి చాస్తే తల అడ్డంగా ఊపింది.

"ఆ చెయ్యి కాదు. ఎడమది పట్టు."

"ఏంది పెద్దమ్మా, నేనేమన్న పరాయోన్నా?"

"పట్టు బిడ్డా. యాదికుంచుకో."

నలుగురిలో ఎడమ చేత్తో పెట్టడమంటే మనలో మొహాన కొట్టినట్టే. నాకు తల కొట్టేసినట్టయింది. రొట్టె ఎడమ చేత్తోనే తీసుకున్నాను గానీ తినకుండా మంచం మీద పెట్టి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు. అందుకే ఆఖరి కబురు కండక్టర్ నోట వినవలసి వచ్చింది.

మూడోనాడు పిట్టకు ముద్ద పెట్టాము. కాకులు వెంటనే ముట్టాయి, అందరూ హమ్మయ్య అనుకున్నారు. మోతి మాత్రం మూడు రోజులుగా మంచం కింద పడి ఉంది, గింజ ముట్టలేదు. అన్నం పెట్టారు, పాలు పోశారు, మాంసం వేశారు. "ఇగ ఇది బతుకది. మంచం తీసి బయటేద్దాం, కుక్కను గుంజున్రి" అన్నాడు మరిది కొడుకు.

నేను రొట్టె తుంచి కుడిచేత్తో చాచాను. ఎప్పటిలాగే తల తిప్పుకుంది. అప్పుడు వెలిగింది నాకు. మన దిక్కు ఎడమ చేత్తో ఎవడూ ఏదీ పెట్టడు. కుక్కకు విషం పెట్టేవాడు కూడా మర్యాదగా కుడిచేత్తోనే పెడతాడు. అంత మంది ముందు నోరు విప్పలేక, తన కుక్క ప్రాణం ఆమె నా ఎడమ చేతిలో పెట్టింది. నేను దాన్ని మంచం మీద పారేసి వచ్చాను.

రొట్టె చెయ్యి మార్చాను. వెనక నుంచి ఎవరో "అయ్యో, దినం నాడు ఎడమ చెయ్యా?" అన్నారు. మోతి మెడ చాచి తింది. తిని, నా అరచెయ్యి నాకింది. పెద్దమ్మ కోసం నాకు ఏడుపు వచ్చింది అప్పుడే. ఆమె నన్ను ఎన్నడూ అనుమానించలేదని అనను. అనుమానించింది, అయినా నన్నే ఎంచుకుంది. అంతకన్నా నాకేం కావాలి?

మోతి ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఇదంతా అచ్చులో పడితే ఎవరి కంట పడుతుందో అన్న భయంతో, రాయడం మొదలుపెట్టే ముందే దాని పద్ధతి మార్చేశాను. ఎలా మార్చానో మీకు చెప్పను, ఏమీ అనుకోకండి. కొత్తది బాగానే నేర్చుకుంది. కానీ రొట్టె చూపించినప్పుడల్లా ముందు నా ఎడమ చేతి వైపే చూస్తుంది.