వాన ఊరు, తెల్ల ఇళ్ళ ఊరు

రెండు నెలల సెలవు ముగించుకుని ఏసమ్మ నర్సాపురం నుంచి కువైట్‌లో బ్నీద్ అల్ గార్‌లోని ఇంటికి తిరిగొచ్చేసరికి, మామా తిండి ముట్టక నాలుగు రోజులైంది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు, ఎనభై దాటిన కువైటీ ముసలామె. మతిమరుపు ముదిరింది. చెంచా దగ్గరికి తెస్తే చాలు, మొహం తిప్పేసుకుంటోంది. రేపటికల్లా తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందేనని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

పంతొమ్మిదేళ్ళు చాకిరీ చేసినంత మాత్రాన ఇది తన ఇల్లని ఏసమ్మ ఏనాడూ అనుకోలేదు. సెలవు నుంచి రాగానే పాస్‌పోర్టు మళ్ళీ మామా బీరువాలోకి పోతుండగా అలా అనుకోవడానికి ఆమెకేం పిచ్చా? కానీ గొట్టం అనగానే తల్లి గుర్తొచ్చింది. భీమవరం ఆసుపత్రిలో గొట్టం పీకేసుకుంటోందని తన తల్లి రెండు చేతులూ మంచానికి బిగించారు. ఆ కట్లతోనే తల్లి పోయింది. మామా చేతులకు ఆ గతి పడితే తాను చూడలేననుకుంది.

పగటిపూట వచ్చే నర్సు రూబీది పాలకొల్లు. వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"పిన్నీ, ఈవిడకి తెలుగెవరు నేర్పారు?"

"నేర్పడమేంటే?"

"చెంచా పట్టుకెళ్తే చాలు, 'కట్టారా, కట్టారా' అంటంది. ఏం కట్టాలంట? కరెంటు బిల్లా?"

ఏసమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

పన్నెండేళ్ళ కిందట, మామా మోకాళ్ళు మొరాయించిన ఏడు, కొడుకులు ఆమెను ఉత్తర ఐరోపా చుట్టి వచ్చే ఓడ ఎక్కించారు. చక్రాల కుర్చీ తొయ్యడానికి ఏసమ్మను కూడా తీసుకెళ్ళారు. తల్లిని ఏసమ్మకు అప్పగించి ఎవరి షికారుకు వాళ్ళు పోయారు. దాన్ని మాతృసేవ అన్నారు. కోపెన్‌హాగెన్ దాటిన మొదటి రోజే మామా కడుపులో ఉన్నదంతా కక్కేసింది. ఓడ రేవులో ఆగితేగాని ఇక ముద్ద ముట్టనని ఒట్టు పెట్టుకుంది.

ఏసమ్మ తండ్రి నర్సాపురం రేవులో పంటుకు మోకు కట్టేవాడు. గోదావరి దాటించే ఆ పంటు ఒడ్డుకు ఆనగానే మోకు బిగించి కేకేసేవాడు. ఇక్కడ ఓడ ఇంజను మోత ఆగి మోకులు బిగిసేసరికి ఏసమ్మ నోటికి ఆ కేకే వచ్చేసింది: "కట్టేశారు మామా!" రెండో రేవుకల్లా మామాయే అడగడం మొదలెట్టింది: "కట్టారా?" ఇన్నేళ్ళలో ఆమెకు వచ్చిన తెలుగు ఆ ఒక్క ముక్కే.

నార్వే రేవుల పేర్లకు ఏసమ్మ నోరు తిరగలేదు. స్టావాంగర్ ఆమెకు తెల్ల ఇళ్ళ ఊరు. బెర్గెన్ వాన ఊరు. మామా కూడా అరబ్బీలో అవే పేర్లు వాడింది. నర్సాపురంలో అడిగినవాళ్ళకు మాత్రం ఏసమ్మ లండనని చెప్పేసింది, వాళ్ళకదే చాలు.

ఆ వాన ఊళ్ళోనే కదూ, చేపల బజారులో ఏసమ్మ అలవాటుకొద్దీ ఓ పెద్ద చేప మొప్ప ఎత్తి ఎరుపుందో లేదో చూసింది! చేపల వాడు ఒంటికాలిమీద లేచాడు. కుర్చీలోంచే మామా వాణ్ణి అరబ్బీలో ఉతికి ఆరేసింది. ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే తగువు రంజుగా సాగింది. ఓడెక్కాక మామా కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. ఇద్దరూ అంతలా కలిసి నవ్వడం అదే మొదలు.

ఏసమ్మ జావగిన్నె పట్టుకుని మామా గదిలోకి వెళ్ళింది, వెనకే రూబీ.

"కట్టారా?" మామా మంచం కమ్మీని గట్టిగా పట్టుకుని ఉంది.

"కట్టేశారు మామా. తిను."

మామా చెవి ఒగ్గి విన్నది. "అబద్ధం," అంది అరబ్బీలో. "ఇంకా కదులుతోంది."

ఏసమ్మ కూడా విన్నది. తాను లేని రెండు నెలల్లో కిటికీ ఏసీకి కొత్తగా గురక పట్టుకుంది. బల్లమీది గ్లాసులో నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. సరిగ్గా ఓడ గదిలోలాగే. ఏసమ్మ లేచి ఏసీ ఆపేసింది.

"పిన్నీ! బయట యాభై డిగ్రీలుంది. మామా కూతురుగారు చూస్తే నా ఇఖామా ఖలాస్! వీసా పీకి ఊరికి తోలేస్తారు!"

"నీ ఇఖామాకేం కాదు గానీ, తలుపెయ్యవే."

గురక ఆగింది. గ్లాసులో నీళ్ళు నిలకడకొచ్చాయి. కమ్మీ మీద వేళ్ళు ఒక్కొక్కటే సడలాయి.

"కట్టారా?"

"కట్టేశారు మామా."

మామా నోరు తెరిచింది. ఒక చెంచా, రెండో చెంచా. మూడోదానికి ఆగి, అరబ్బీలో "ఏ ఊరు?" అంది.

వాన ఊరని చెబుదామంటే కిటికీ నిండా ఎండ. ముసలామె మతి పోయిందేమో గానీ కళ్ళు పోలేదు.

"నర్సాపురం," అంది ఏసమ్మ.

మామా మూడో చెంచా మింగింది. "అయితే చేపలుంటాయి. మొప్ప ఎత్తి చూసి కొను. ఎవడేమంటాడో నేను చూస్తాను."

ఏసమ్మ మెడమీద చెమట ధారకట్టింది. రూబీ అట్టముక్కతో విసురుకుంటూ, "ఇంక ఏసీ వెయ్యనా పిన్నీ?" అంది.

"ఆగవే. గిన్నెలో ఇంకా ఉంది."