మా హార్మోనియానికి నల్లరంగు పూసిన రాక్ బ్యాండ్

మా చిన్నతనంలో ఎండలు ముదిరే వేళకు ఆర్మూర్ అంతా పసుపు వాసనే... మార్కెట్ వైపు వెళ్ళొస్తే రిబ్బన్లు, జాకెట్ చేతులు, చివరికి చెవుల్లో కూడా పసుపు దుమ్మే.

అలాంటి రోజుల్లోనే, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మా ఊళ్ళో రాక్ బ్యాండ్ పుట్టింది. మొన్న దాని ఫోటో ఒకటి ఇక్కడే ఎవరో పెట్టిన పోస్టులో చూశాను... "ఆర్మూర్ మొట్టమొదటి బ్యాండ్" అట. కింద వందల దండాలు. అందుకే రాస్తున్నాను.

బ్యాండ్ అంటే ముగ్గురు. పసుపు కమీషన్ ఏజెంటు గారి అబ్బాయి మహేందర్, మా అన్న సతీష్, వాళ్ళ దోస్తు గంగాధర్. ముందు పేరు పెట్టుకున్నారు... 'బ్లాక్ ఫైర్'. తర్వాత జుట్టు పెంచారు. ఆ తర్వాత స్టూడియోలో ఫోటో దిగాలని తేల్చుకున్నారు. పాట సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

"సినిమా పాటలు ముట్టం. అన్నీ మా సొంతమే" అనేవాడు మహేందర్. సొంత పాట ఒకటే ఉండేది. "గాలిలో నేను... గాలితో నేను..." అంతే. మిగతాదంతా "ఏ... ఏ..."

అన్న దగ్గర ఎవరో వదిలేసిన గిటారు. గంగాధర్‌కు ఖాళీ నూనె డబ్బాలు. మహేందర్‌కు కీబోర్డ్ కావాలి. కీబోర్డ్ లేదు... మా ఇంట్లో నా హార్మోనియం ఉంది.

అది మా నాయనమ్మ నాకిచ్చింది. శనివారం భజనలో హార్మోనియం వాయించే రాజన్న తాతకు చేతులు వణకడం మొదలైంది. నన్ను పిలిచి, "ఈయేడు రామనవమికి నువ్వే కూసోవాలె బిడ్డా" అన్నాడు. మా భజన మండలిలో అప్పటిదాకా ఆడపిల్ల హార్మోనియం ముందు కూర్చోలేదు. ఇద్దరు పెద్దమనుషులు అప్పటికే మూతి ముడుచుకున్నారు. నేను తడబడితే చాలు... ఇక ఏ ఆడపిల్లకూ ఆ చోటు దొరకదు.

నేను బడికి పోయినప్పుడు ఆ హార్మోనియం పెట్టె మాయమైంది. అడిగితే అన్న నవ్వాడు.

"ఫికర్ జెయ్యకే. నవమికల్ల నీ పెట్టె నీ చేతులుంటది. కొత్తదాని లెక్క జేసి ఇస్తం."

కొత్తదాని లెక్క చేశారు... రాక్ బ్యాండ్‌లో అన్నీ నల్లగా ఉండాలట. తలుపులకు వేసే నల్ల పెయింటు తెచ్చి, మెట్ల సందుల్లోకి కారేలా పూశారు. పూసి ఎక్కడ ఆరబెట్టారు? మహేందర్ వాళ్ళ పసుపు గోదాములో! సీజన్‌లో, పక్కనే బస్తాలు కుమ్మరిస్తుంటే! పసుపు ఊళ్ళో పుట్టిన ముగ్గురికి, తడి రంగు మీద ఏం వాలుతుందో తట్టలేదు.

దాన్ని చూసి నాయనమ్మ చెంపలు వేసుకుంది.

"ఏందిరా ఇది? ఎలుగుబంటికి పసుపు రాసి పేరంటానికి తోలుకొచ్చిండ్రా?"

"ఇది స్టైల్ నాయనమ్మా" అన్నాడు అన్న.

"నీ స్టైల్ల మన్నువడ... పోరి నవమికి ఏం వాయించాలెరా?"

అన్న పెట్టెనెత్తుకుని స్టూడియోకు నడిచాడు. ఆ పెట్టెతోనే ముగ్గురూ ఫోటో దిగారు.

నవమి పందిరికి మహేందర్ వాళ్ళ నాన్నే పెద్ద దాత... కాబట్టి కల్యాణం కాగానే, భజనకు ముందు, బ్లాక్ ఫైర్ వారికి అవకాశం. మిట్టమధ్యాహ్నం ఉక్కలో నల్లచొక్కాలు, నల్లద్దాలు. హార్మోనియం ముందు కూర్చుంటే పరువు పోతుందని మహేందర్ దాన్ని స్టూలు మీద పెట్టి నిలబడ్డాడు. మైకు సర్దారు. వైర్లు సర్దారు. జుట్టు సర్దుకున్నారు.

పసుపు కొమ్ములు ఏరే ఆడవాళ్ళు పానకం గ్లాసులతో ముందువరసలోనే కూర్చున్నారు. అందులో ఒకామె ఉండబట్టలేకపోయింది.

"ఓ సేటు కొడుకా! పాట సురువు జేస్తవా, సదురుకుంటనే ఉంటవా?"

మహేందర్ మెట్టు నొక్కాడు. నొక్కిన మెట్టు మళ్ళీ పైకి లేవలేదు... బొయ్య్య్ అని ఒకటే మోత. మిగతా మెట్లు రంగుకు అతుక్కుపోయి కదల్లేదు. గిటారు ఆగింది, డబ్బాలు ఆగాయి, మోత మాత్రం ఆగలేదు. మహేందర్ ఒక చేత్తో తిత్తి వేస్తూనే, రెండో చేతి గోళ్ళతో మెట్టును పైకి పీకుతున్నాడు. పందిరంతా నవ్వు.

"మైకు ఖరాబుంది!" అని అరిచి దిగిపోయారు ముగ్గురూ. పెట్టెను అక్కడే వదిలేశారు.

తర్వాత నా వంతు... మూతి ముడుచుకున్న పెద్దమనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. నేను పెట్టెను చాపమీదికి దింపుకుని కూర్చున్నాను. రాముణ్ణి తలచుకుని తిత్తి వేశాను. అదే మోత. కళ్ళు మూసుకుని విన్నాను... చెడ్డ స్వరం కాదు. సన్నగా తిత్తి వేస్తూ దాన్నే శ్రుతిగా పట్టుకుని గొంతు కలిపాను.

మొదటి చరణం ఒక్కదాన్నే పాడాను. రెండోదానికి నాయనమ్మ తాళాలు అందుకుంది. ఆ తర్వాత పానకం గ్లాసులు కింద పెట్టి ఆడవాళ్ళంతా పాట అందుకున్నారు.

అయిపోయాక రాజన్న తాత అందరికీ వినపడేలా అన్నాడు. "శనివారం గూడ నువ్వే కూసో బిడ్డా."

బ్లాక్ ఫైర్ మొత్తం జీవితంలో ఈ ఊరికి పనికొచ్చింది ఇరుక్కుపోయిన ఆ ఒక్క మెట్టే... తర్వాతి వారానికి జుట్లు కత్తిరించుకున్నారు. "పెట్టెనే మంచిగ లేకుండె" అని మహేందర్ బజారంతా చెప్పుకున్నాడు.

మొన్నటి పోస్టు కింద మా అన్న "గోల్డెన్ డేస్ రా మామా" అని రాశాడు. నన్ను కూడా ట్యాగ్ చేసి "మా మొదటి అభిమాని" అన్నాడు. ఎవరో పాపం, "పాటలుంటే పెట్టండన్నా" అని అడిగారు. క్యాసెట్ పోయిందని మహేందర్ జవాబు... ఉంటే కదా పోవడానికి!

మెట్లు తర్వాత నిజామాబాద్‌లో బాగుచేయించుకున్నాను. రంగు మాత్రం పోలేదు. ఆ నలుపులో పసుపు నలకలు ఇప్పటికీ కనిపిస్తాయి, శనివారం భజనకు ముందు తుడిచేటప్పుడు...

ఆ రోజుల్లో పాట రాకుండా పందిరెక్కితే పసుపు ఏరే ఆడవాళ్ళే ముఖం మీద నవ్వి దింపేవాళ్ళు. ఇప్పుడు ఫోటో ఒక్కటుంటే చాలు, పాట లేకున్నా దండాలే...

మీ ఊళ్ళోనూ ఇలాంటి ఘనులు ఉండే ఉంటారు. వాళ్ళు ఏం వాయించారో వద్దు... ఎవరింటి వస్తువు ఎత్తుకుపోయి వాయించారో, అది చెప్పండి.