ఊడ్చిన పొలం

ముందే ఒప్పుకుంటున్నాను. ఆ పొలం చెడింది కాలువ ఊట వల్ల. దానికి వచ్చిన ఒక్క అవకాశం చెడింది నా నోటి వల్ల.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు, ఇటిక్యాల వైపు ఊళ్లలో వ్యవసాయ విస్తరణ ఉద్యోగం చేసేవాణ్ని. నా హయాంలో బాగా విస్తరించింది చౌడు నేల ఒక్కటే. కాలువ నీళ్లు వచ్చిన మొదట్లో వరి బాగా పండింది. తర్వాత పల్లంలో ఊట నిలిచి, భూమి లోపలి ఉప్పు పైకి ఎక్కింది. ఎండాకాలం వస్తే పొలాలు సున్నం చల్లినట్టు తెల్లగా తేలేవి. నాటిన నారు కొసలు మాడి ఎర్రబడేది.

అలాంటి మూడెకరాల రైతు ఒకాయన ఉండేవాడు. ఆయన్ను నేను అన్నా అనేవాణ్ని. ఇంకో పంట పోతే సొంత పొలం బీడు పెట్టి, బిజినేపల్లి దిక్కు కౌలుకు పోదామని ఇంట్లో అనుకుంటున్నారు.

ఆ సమయంలోనే చౌడు బాధ ఉన్న నాలుగైదు దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఒక పని మొదలుపెట్టారు. ఒక్కో దేశంలో ఒక పొలం ఎంచి, భూమి కింద చిల్లుల గొట్టాలు పరిచి, ఉప్పు నీటిని బయటికి తీస్తారు. ఒకచోట నేర్చింది ఇంకోచోటికి చెప్పుకుంటారు. మా జిల్లాలో చూసే పొలాల జాబితాలో అన్న పొలం కూడా ఎక్కించాను. అది అన్నిటిలోకి చెడ్డదైతేనే ఎంపికవుతుంది. ఈ ఒక్క ముక్కా అన్నకు చెప్పలేదు. అంత మాత్రం తెలియదా అనుకున్నాను.

మా పై అధికారి మాత్రం నాకు గట్టిగా చెప్పాడు. "వేరే దేశాలోళ్లు వస్తుండ్రయ్యా. అంత నీట్‌గ ఉండాలె. మన ఇజ్జత్ సవాల్."

నేను ఆ మాటను మోసుకుపోయి అన్న ఇంట్లో దించాను. "చుట్టాలొస్తుండ్రు, జర సాఫ్ పెట్టుండ్రి."

వాళ్లు వచ్చిన ఉదయం జీపు దిగి చూస్తే, తెల్లగా ఉండాల్సిన పొలం నల్లగా ఉంది. తెల్లబోయింది నేను.

మడి అంతా చీపురు గీతలు. గట్టు అవతల తెల్లటి కుప్ప. అన్న భార్య కొత్త చీర కట్టుకుని, చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏందక్కా ఇది?" అన్నాను, గొంతు తగ్గించి.

"చుట్టాలొస్తరంటివి గద సారూ. వాకిలి ఊడ్వకుంట ఎవ్వరన్న పిలుస్తరా? వారం సంది ఊడుస్తున్న. నడుమల మీ అన్న రెండు దినాలు కాలువ నీళ్లు గూడ పెట్టి తీసిండు, పార మెత్తగ దిగుతదని."

ఊడ్చి నీళ్లు చల్లడం మా వైపు మర్యాద. ఆ ఇద్దరూ మూడెకరాల వాకిలికి ఆ మర్యాద చేశారు. పై ఉప్పు చీపురుతో పోయింది, మిగిలింది నీళ్లతో కిందికి దిగింది.

వచ్చినవాళ్లలో ఈజిప్టు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. ఆమె గొంతుక్కూర్చుని చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుంది. అన్న నవ్వాడు, ఆయనదీ అదే అలవాటు. తన తండ్రి కూడా నది సముద్రంలో కలిసే చోట, చౌడు పొలంలో ఇట్లాగే రుచి చూసేవాడని ఆమె చెప్పింది. నేను తెలుగులో చెప్పాను.

"వీళ్లకు గూడ ఉన్నదా సౌడు? పాపం," అన్నాడు అన్న.

ఆమె నాలుకకు అనుమానం వచ్చినట్టుంది. గట్టు అవతలి కుప్ప చూపించి ఏమిటది అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా అధికారి సున్నం అనేశాడు. నేను నోరు మూసుకున్నాను. నిజం చెబితే సాఫ్ పెట్టమన్నది ఎవరనే ప్రశ్న వస్తుంది. మూయకూడని పూట మూసుకోవడం కూడా నా నోటి తప్పే.

వాళ్లు పరీక్షకు మట్టి తీసుకుపోయిన కొన్ని నెలలకు ఫలితం వచ్చింది. పై మట్టిలో ఉప్పు తక్కువ, ఈ నేల మంచిదే అని. వనపర్తి వైపు పొలం ఒకటి ఎంపికైంది. ఆ మాట చెప్పడానికి నేనే వెళ్లాను.

"మేం ఊడ్వకుంటే అయ్యేదా సారూ?" అంది అక్క.

"అయ్యేదేమో అక్కా."

"మరి నువ్వే సాఫ్ పెట్టుమంటివి."

కోపంగా అనలేదు. అంటే బాగుండేది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. వాళ్ల పొలం ఉప్పు దాచడమూ, వాళ్లింటి ఉప్పు తినడమూ రెండూ అయ్యాయి నాకు.

మళ్లీ మట్టి తీయించమని మా అధికారిని మూడుసార్లు అడిగాను. "రిపోర్టుల మంచి భూమని ఉన్నది గదయ్యా. అంత పెద్ద సైంటిస్టులు చెప్పినంక మనమెవరం?" అనేవాడు.

ఆయనకు ఆఫీసు వరండాలో గులాబీ కుండీలు ఉండేవి. ఎండాకాలం చివర, "ఊళ్లు తిరుగుతుంటవు గద, మంచి మట్టి చూసి తేవయ్యా," అన్నాడు. తెచ్చాను. రెండు సంచులు, అన్న పొలం నుంచి, ఈసారి ఊడ్వకుండా. కుండీలు నా చేతులతోనే నింపాను. గులాబీలకు క్షమాపణ కూడా చెప్పుకున్నాను.

నెల తిరగకుండా ఆకుల అంచులు మాడిపోయాయి. కుండీల మీద తెల్లటి పొర తేలింది.

"ఏం మట్టయ్యా ఇది?" అన్నాడు.

రిపోర్టు నకలు ఆయన ముందు పెట్టాను. "మంచి భూమని రాసిన మట్టే సార్."

దాని పక్కన, ఆ శాస్త్రవేత్తలకు పంపాలని రాసి ఉంచుకున్న ఉత్తరం పెట్టాను. పొలం ఊడ్చి, నీళ్లు పెట్టి కడిగిన తర్వాత మట్టి తీశారు, అట్లా సాఫ్ పెట్టమన్నది నేను, గట్టు అవతలి కుప్ప సున్నం కాదు, మళ్లీ పరీక్షించండి. అంతే ఉంది అందులో.

ఆయన సున్నం అన్న మాట దగ్గర ఆగి, కుండీల వైపు చూశాడు. తర్వాత ఆకుపచ్చ సిరా కలం తీశాడు. ఆ రోజు ఆ వరండాలో పచ్చగా కనిపించింది ఆయన సంతకం ఒక్కటే.