పదిహేను నిమిషాల పెంటయ్య

మా ఆఫీసు గోడగడియారానికి కీ ఇచ్చే పని పెంటయ్యది. కాగితాల్లో అతను బంట్రోతు, ఇక్కడివాళ్ల నోట జవాను. 1956లో మమ్మల్ని ఫైళ్ల మూటలతో సహా కర్నూలు నుంచి తెచ్చి నాంపల్లి స్టేషన్ దగ్గరి పాత మేడలో దింపినప్పుడు, తాళాలు తీసి లోపలికి రమ్మన్నది అతనే. అప్పటికే ఆ గడియారం గంట కొట్టడం మానేసింది. అది మా అదృష్టమని తర్వాత తెలిసింది.

రోజూ పదింటికల్లా పెంటయ్య స్టూలు వేసుకుని గడియారం అద్దం తీసేవాడు. గుడ్డతో తుడిచి, పెద్దముల్లును పదిహేను నిమిషాలు వెనక్కి తిప్పేవాడు. మధ్యాహ్నం ఆఫీసరు భోజనానికి వెళ్లగానే అరగంట ముందుకు తోసేవాడు. సాయంత్రం అందరం వెళ్లాక మళ్లీ సరిచేసేవాడు. పదిన్నర ఆఫీసుకి పదీ ముప్పావుకి వచ్చి, ఐదింటి ఆఫీసు నుంచి ఐదుకి పావుగంట ముందే వెళ్లే మేము, హాజరు రిజిస్టరు ప్రకారం నిప్పులాంటి మనుషులం.

దీనికి మూలం టైపిస్టు కమలకుమారి. చంటిపిల్లను అత్తగారికి అప్పజెప్పి, ఖైరతాబాద్ నుంచి కిక్కిరిసిన రెండు బస్సులు వదిలేసి మూడోది పట్టుకుని వచ్చేది. మూడుసార్లు ఆలస్యమైతే ఒకరోజు సెలవు పోతుంది. అరవై ఒకటిలో, అలా సెలవులన్నీ పోయిన రోజున రిజిస్టరు ముందు నిలబడి ఏడ్చింది. మర్నాడు గడియారం నెమ్మదించింది. పెంటయ్య ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. వారం తిరిగేసరికి అందరికీ తెలిసింది. నెల తిరిగేసరికి, పదిన్నరకి రావడం ఎంత కష్టమో అందరికీ అర్థమైంది. స్టేషన్ పక్క సందులో, నాలుగడుగుల దూరంలో కాపురమున్న నాకు కూడా.

ఇలా మూడేళ్లు గడిచాక, అరవైనాలుగులో జగన్మోహనరావుగారు ఆఫీసరుగా వచ్చారు. మంచి మనిషి. కాని ఎక్కడో కాలం పొదుపు మీద తరగతులకు వెళ్లొచ్చారు. వచ్చిన రోజే ఏ పావుగంటలో ఎవరు ఏం చెయ్యాలో గళ్లు గీసిన అట్ట గోడకెక్కింది. కాలం వృథా కాకుండా జట్టుగా ఎలా పనిచెయ్యాలో చర్చించడానికి సోమవారం సోమవారం సమావేశం పెట్టేవారు. అది గంటన్నర పట్టేది.

రిజిస్టరు తిరగేసి ఆయన నివ్వెరపోయారు. మూడేళ్లుగా ఆలస్యానికి వేసే ఎర్రసిరా గుర్తు ఒక్కటి లేదు. పైకి రాశారు. పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. మా పద్ధతులు చూసి నేర్చుకోమని వేరే ఆఫీసుల వాళ్లను పంపించారు. వాళ్లు మా అట్టను పుస్తకాల్లోకి ఎక్కించుకుంటుంటే, పెంటయ్య వాళ్లకి ఇరానీ చాయ్ తెచ్చిపెట్టాడు.

ఆయనకు అంతుపట్టనిది ఒక్క తన చేతిగడియారమే. పొద్దున పావుగంట ముందుకు పోయేది, సాయంత్రం పావుగంట వెనకబడేది. ఆబిడ్స్‌లో రిపేరుకిస్తే బాగానే ఉందని మూడుసార్లు తిప్పి పంపారు. చివరికి ఆయన పొద్దున రాగానే గోడగడియారం చూసి తనది దిద్దుకోవడం మొదలుపెట్టారు.

పెంటయ్యకు ఒకటే కోరిక. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. పద్దెనిమిదేళ్లుగా గుమ్మం పక్కన నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. ఉర్దూలో చదువుకున్నవాడు, మా హెడ్‌క్లర్కు ఇంద్రసేన దగ్గర తెలుగు రాయడం నేర్చుకున్నాడు. హెడ్డాఫీసులో రికార్డు అసిస్టెంటు ఉద్యోగం పడింది. నలభై దాటితే పనికిరారు, అతనికి ఇంకో నెలలో నలభై నిండుతాయి. ఇంటర్వ్యూ బుధవారం పదకొండుకి, ఆబిడ్స్‌లో.

ఆ రోజు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. అలవాటు ప్రకారం పదింటికి ముల్లు వెనక్కి తిప్పాడు. మేమంతా వచ్చి, ఆఫీసరు కూడా వచ్చాక, సెలవు చీటీ పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు. గోడమీద పదిన్నర.

"నడిచి ఎందుకయ్యా పోవడం? నాకూ అక్కడ పనుంది. జీపులో తీసుకుపోతా," అన్నారాయన. "పది యాభైకి బయల్దేరదాం. ఐదు నిమిషాల దారి."

"జర ముందుగాల పోతే మంచిగుంటది సార్."

"ముందే పోయి వరండాలో గోళ్లు గిల్లుకుంటావా? ఆ కాలం ఎవడబ్బ సొత్తు?"

"మీకెందుకు తక్లీఫ్ సార్, నేను నడుసుకుంట పోత."

"కూర్చో పెంటయ్యా. నా ఆఫీసు మనిషివి. దర్జాగా దిగాలి."

ఎదురుగా ఉన్న కుర్చీ చూపించారు. ఆ ఆఫీసులో పెంటయ్య కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. కుర్చీ అంచున, గడియారానికి ఎదురుగా కూర్చున్నాడు. అది పది ముప్పై ఐదు చూపిస్తోంది. అసలు టైం పది యాభై అని హాల్లో ఉన్న ఇరవైరెండు మందికీ తెలుసు, ఒక్క ఆయనకి తప్ప.

ఎవరో ఒకరు లేచి ఒక్క ముక్క చెబితే చాలు. చెబితే మూడేళ్ల రిజిస్టరు, మెచ్చుకోలు ఉత్తరం, మా సెలవులు అన్నీ బయటపడతాయి. ఇంద్రసేన గోడమీది అట్టను మొదటిసారి చదవడం మొదలుపెట్టాడు. నేను కలంలో సిరా పోసుకున్నాను, నిండుగా ఉన్న కలంలోనే.

టైపు మిషను ఆగింది. కమలకుమారి లేచి నిలబడింది. పెంటయ్య ఆమె వైపు చూసి, వద్దని తల ఊపాడు. ఆమె కూర్చుండిపోయింది. నా వైపు చూసి తల ఊపాల్సిన అవసరం అతనికి రాలేదు, నేను లేవలేదు కనక. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

సరిగ్గా గోడమీద పది యాభైకి జీపు కదిలింది.

భోజనాల వేళకి తిరిగొచ్చారు. ఆఫీసరు మొహం కందగడ్డలా ఉంది. "ముందే చేరాం. వాళ్ల గడియారం పావుగంట ముందు నడుస్తోంది. వీడి పేరు మూడుసార్లు పిలిచి కొట్టేశారట. చెబితే వినరే," అన్నారు. వెంటనే హెడ్డాఫీసు గడియారం బాగుచేయించుకోవలసిందిగా ఒక ఘాటైన ఉత్తరం చెప్పి టైపు చేయించారు. కమలకుమారి రెండు కాగితాలు పాడుచేసి, మూడోది ఎలాగో పూర్తిచేసి చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ ఉత్తరం ఆబిడ్స్ దాకా మోసుకెళ్లి ఇచ్చి, సంతకం తీసుకుని వచ్చింది పెంటయ్యే.

మర్నాడు ఒకరికొకరం చెప్పుకోకుండానే అందరం పదింటికి ముందే వచ్చేశాం. కమలకుమారి పొద్దున్నే బయల్దేరి ఖైరతాబాద్ నుంచి నడిచి వచ్చిందట. పెంటయ్య స్టూలుతో లోపలికి వచ్చి, నిండిన హాలును చూశాడు. తర్వాత స్టూలు వేసి, ఎక్కి, అద్దం తీశాడు.

"ఇంక ఎందుకు పెంటయ్యా, అందరం వచ్చేశాం కదా," అన్నాను.

"ఇయాల వచ్చిన్రు సార్," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "రేపు?"

ముల్లు వెనక్కి తిప్పి దిగాడు.

నాకు కోపం వచ్చింది. మమ్మల్ని అంత తక్కువగా అంచనా వేశాడేమిటని రోజంతా గింజుకున్నాను.

ఆ మర్నాడు నేను వెళ్లేసరికి పదీ నలభై మూడు. పెంటయ్య గుమ్మం పక్కన నిలబడి, రిజిస్టరు నా వైపు తిప్పి పెట్టాడు. గడియారం చూసి పదీ ఇరవై ఎనిమిది అని వేసి సంతకం పెట్టాను.