మీటరు పెట్టని సమీక్ష

మా ముత్తాతగారు వీరులపాడు వైపు నాలుగు ఊళ్లలో మాట చెల్లిన మునసబు. తాతగారు జగ్గయ్యపేటలో నాటక సమాజాన్ని నడిపారు; హార్మోనియంలో ఒక్క రీడు తేడాగా పలికినా వెనక వరసలో కూర్చునే పట్టుకునేవారు. హోదా నాన్నగారి హయాంలో పోయింది. చెవి నా దాకా వచ్చింది. ఆ చెవితో ముప్పై ఏళ్లు రేడియోలో సౌండ్ ఇంజనీరుగా పనిచేసి, రిటైరైన రెండో ఏడు ఒక ఆడియో మాసపత్రికలో స్పీకర్ల సమీక్షకుడిగా కుదిరాను.

ఈ సమీక్షకులు అమ్ముడుపోయినవాళ్లేనా అని పాఠకులు అడుగుతుంటారు. నన్నెవరూ కొనలేదు. అయినా ఒకసారి అన్యాయమైన సమీక్ష రాశాను.

నందిగామలో ఏసుపాదం అనే ఆయన చర్చిలకు స్పీకర్లు చేసేవాడు. మొదటిసారి ఇళ్లలో పెట్టుకునే జత ఒకటి తయారుచేసి పత్రికకు పంపితే, నాకు అప్పగించారు. సమీక్ష బాగుంటే తీసుకుంటామని విజయవాడ షాపువాళ్లు ఆయనకు చెప్పారట. బాగోకపోతే మళ్లీ చర్చి పెట్టెలే గతి.

కొత్త జతను సమీక్షకుడికి బాగా అలవాటైన జతతో పోల్చడం మా పద్ధతి. ఆ అలవాటైనదాన్ని రిఫరెన్స్ అంటాం. నాది విదేశీ జత, సొంతం. రెండిటినీ ఒకే ఎత్తు స్టాండ్ల మీద పెట్టి, శబ్దం సమానం చేసి, ఒకే రికార్డులు వినాలి. సమానం చేయడానికి శబ్దాన్ని కొలిచే మీటరు వాడాలి. నేను చెవితోనే సరిచూసుకునేవాణ్ణి. మీటరు చెవి లేనివాళ్లకని నా అభిప్రాయం. వారం రోజులు విని, నందిగామ పెట్టెల్లో గొంతు ముసుగేసినట్టుందనీ, తాళాల మోత చచ్చుగా ఉందనీ, బేస్, అంటే మంద్ర ధ్వని, తక్కువనీ రాశాను.

అచ్చుకు ముందు తయారీదారుకు చదివి వినిపించడం నా నియమం. వాస్తవాల్లో తప్పుంటే చెప్పవచ్చు; అభిప్రాయం మార్చమనకూడదు. ఏసుపాదం జగ్గయ్యపేటలో మా ఇంటికి వచ్చి చివరిదాకా నిమ్మళంగా విన్నాడు.

"మీటరు పెట్టారాండి?" అన్నాడు.

ముప్పై ఏళ్లు రేడియోలో పని చేసింది ఈ చెవులతోనే అన్నాను.

"మీ చెవిని నేనేమీ అనట్లేదండి. మీ పెట్టెల కాడికొచ్చేసరికి చెయ్యి కాస్త ఎక్కువ తిరిగిందేమోనని. మా పాస్టరుగారూ అంతేనండి. పాటలప్పుడు పర్లేదు, ఆయన ప్రసంగం మొదలెట్టేసరికి వాల్యూమ్ నాబ్ చివరికి పోద్ది."

మా ఇంట్లో కూర్చుని నాతో ఎవరూ అలాంటి మాట అనలేదు. లేచి నిలబడ్డాను. మా ఆవిడ కాఫీ గ్లాసులు తీస్తూ, "పెట్టి చూస్తే పోయేదేముందండీ?" అంది.

ఆయన సంచిలోంచి మీటరు తీశాడు. ఏ జతకు నాబ్ ఏ గీత మీద ఉంచిందీ నా నోటుబుక్కులో ఉంది. అదే గీతల మీద, వాన హోరులాంటి పరీక్ష ధ్వని వేసి, నేను కూర్చునే చోట మీటరు ఉంచాం. నా జత మూడు డెసిబెల్స్ ఎక్కువ చూపింది. ఆ కాస్త తేడా వినేవాడికి ఎక్కువ శబ్దంగా తోచదు. ఎక్కువ స్పష్టతగా తోస్తుంది.

సమానం చేశాక అడ్డంగా దుప్పటి కట్టించాను. వెనక నుంచి మా ఆవిడ జతలు మార్చింది. గొంతు పాటల్లో ఏది నాదో చెప్పలేకపోయాను. తాళాలూ మామూలుగానే పలికాయి. మృదంగం వచ్చిన ప్రతిసారీ మాత్రం, బేస్ తక్కువ కావడంతో ఆయన జతను పట్టుకున్నాను.

"అది నిజమేనండి, పెట్టె చిన్నది," అన్నాడు ఏసుపాదం. "రాసెయ్యండి."

మొదటి రెండు మాటలూ కొట్టేసి, బేస్ తక్కువన్నది ఉంచి, సమీక్ష తిరగరాశాను. షాపువాళ్లు ఆ జతను తీసుకున్నారు.

ప్రకటనలు సమీక్షను చెడగొడతాయని లోకం అనుమానం. నేను చూసినంతలో అంతకంటే ఎక్కువ చెడగొట్టేది సమీక్షకుడికి తన సామాను మీద ఉన్న మమకారం. మీటరూ తెరా ఉంటే సమీక్ష న్యాయంగానే ఉంటుంది. ఆ రెండూ లేనిది ఎవరు రాసినా నమ్మనక్కర్లేదు. అప్పటి నుంచి పోలికకు వాడిన జత నా సొంతమని ప్రతి సమీక్ష కిందా వేయిస్తున్నాను. దాన్ని కొనడానికి చందర్లపాడు దారిలో మాకు మిగిలిన రెండెకరాల మెట్ట అమ్మాను.