అమ్మ మొక్కుకున్న కొడుకు

మొన్న ఆదివారం మా చర్చిలో ఒక పిల్ల, పాతికేళ్లు కూడా ఉండవు, చంటివాణ్ణి ఎత్తుకుని సాక్ష్యం చెప్పడానికి లేచింది. కాన్పు కష్టమైందట. బిడ్డ బతికితే దేవుడి సేవకు ఇచ్చేస్తానని ఆసుపత్రి మంచం మీదే మొక్కుకుందట. అందరూ ఒక్కసారిగా ఆమెన్ అన్నారు. నా నోరు మాత్రం పెగల్లేదు. పక్కనున్నావిడ వంగి, ఒంట్లో బాగాలేదా అండి అని అడిగింది. మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకున్నాను. ఈ వయసులో మోకాళ్లు అన్నిటికీ అక్కరకొస్తాయి. ఆ చంటివాడు తన మీద ఎంత పెద్ద మాట పడిందో తెలియక తల్లి మెడలో గొలుసు చప్పరిస్తున్నాడు. వాణ్ణి చూస్తుంటే మా తమ్ముడు గుర్తొచ్చాడు. వాడు గుర్తొస్తే అమ్మ రాకుండా ఉండదు.

అమ్మ రేపల్లెలో మిషను బడి పంతులమ్మ. నాన్న మా చిన్నప్పుడే పోతే, ఆ జీతం మీదే మా ఇద్దర్నీ పెంచింది. తమ్ముడికి నాలుగో ఏట జ్వరం వచ్చి ఎంతకీ దిగలేదు. డాక్టరు గారు పెదవి విరిచారు. ఆ సాయంత్రం అమ్మ వాణ్ణి పక్కింటి పిన్నమ్మ ఒళ్లో పడుకోబెట్టి, చర్చి గుడికి వెళ్లి మోకరించింది. వీణ్ణి నాకు దక్కించు, పెరిగాక నీ సేవకు ఇచ్చేస్తానంది. నేను ఆవిడ కొంగు పట్టుకునే ఉన్నాను. జ్వరం దిగింది. అమ్మ మాట మనసులో దాచుకునే మనిషి కాదు, పై ఆదివారమే సంఘం ముందు నిలబడి చెప్పేసింది. అంతే, పాస్టరుగార్ని అయ్యగారు అనే మా ఊళ్లో అప్పట్నుంచి వాడు అందరికీ చిన్నయ్యగారు. గోళీలాడితే అయ్యగార్లు గోళీలాడతారా అనేవాళ్లు. క్రిస్మస్ నాడు కేకు మొదటి ముక్క వాడికే, ఏడాది పొడుగునా చీవాట్లూ వాడికే. వాడి ప్రాణమంతా మోటార్ల మీద ఉండేది. పొలాల్లో ఆయిల్ ఇంజను ఆగిపోయిందని వింటే బడి ఎగ్గొట్టి పరిగెత్తేవాడు, ఒళ్లంతా గ్రీజుతో తిరిగొచ్చేవాడు.

అమ్మ ఎప్పుడూ చెయ్యెత్తి కొట్టలేదు. ఆవిడ కొట్టే దెబ్బలన్నీ ప్రార్థనలోనే. అన్నం ముందు కళ్లు మూసుకోమనేది. తండ్రీ, నువ్వు నాకిచ్చిన ఈ బిడ్డ నిన్న లెక్కల మాస్టారికి ఎదురు చెప్పాడు, వాడి నాలుక నీ వశం చేసుకో అని మొదలుపెట్టి, వాడు వారమంతా చేసిన వెధవ పనులన్నీ దేవుడికి విన్నవించేది. కళ్లు మూసుకున్నవాడికి జవాబు చెప్పే దారేది? నేను ఒక కన్ను తెరిచి చూస్తే తమ్ముడు పళ్లు బిగబట్టి కూర్చుని ఉండేవాడు. ఆమెన్ అనేసరికి చేపల పులుసు చల్లారిపోయేది. ఏ ప్రార్థనైనా చివరికి, నీకిచ్చిన మాట తీర్చే భాగ్యం నాకివ్వు అన్నచోటే ఆగేది.

ఎనభైల మొదట్లో వాడి ఇంటరు అయ్యింది. అమ్మ సిఫారసులు పట్టి, తెల్లచొక్కాలు కుట్టించి, పాస్టరు ట్రైనింగుకు పంపింది. సంఘమంతా రేపల్లె స్టేషనుకొచ్చి పాట పాడి సాగనంపింది. వారం తిరక్కుండానే వాడు పెట్టెతో సహా దిగాడు. అమ్మ మంచినీళ్లు కూడా ఇవ్వకుండా ఏంట్రా ఇది అంది.

"నాకు పిలుపు రాలేదమ్మా. అక్కడ అందరూ దేవుడు పిలిచాడని చెబుతున్నారు. నన్ను పిలిచింది నువ్వే."

అమ్మ వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఆర్పేసింది. మూడు పూటలు ఉపవాసం ఉంది. వాడు బాపట్ల వెళ్లిపోయి మోటార్లు వైండింగు చేసే షాపులో చేరాడు. తర్వాత సొంత షాపు పెట్టుకున్నాడు, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. పనిమంతుడని పేరు కూడా తెచ్చుకున్నాడు.

మాట తీరలేదన్న దిగులు మాత్రం అమ్మను వదల్లేదు. నేను పెళ్లయి తెనాలి వచ్చాను. నా కొడుకు పుట్టినప్పుడు అమ్మ వచ్చి, వాడి తలమీద చెయ్యి పెట్టి, తండ్రీ, ఆ మాటకు బదులుగా ఈ బిడ్డను అని ప్రార్థన మొదలుపెట్టింది. ప్రార్థన మధ్యలో నోరెత్తడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. నేను ఎత్తాను.

"ఇక్కడితో ఆమెన్ అనెయ్యమ్మా. వాడు నా బిడ్డ."

అమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. చెయ్యి తీసేసి, మర్నాడు పొద్దున్నే పాసింజరుకు రేపల్లె వెళ్లిపోయింది. కోపమొచ్చిందనుకున్నాను. కాదు, ఇంకో ఆలోచన వచ్చింది. రిటైరయ్యాక తనే సేవకు బయల్దేరింది. జీతం లేదు, ఎవరూ పంపలేదు. గొడుగు, సంచి, అందులో రెండు ఇడ్లీలు. బస్సెక్కి అడవులదీవి వైపు ఊళ్లకు పోయేది. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల పక్కన కూర్చుని వాక్యం చదివేది, వాళ్ల పిల్లలకు అక్షరాలు దిద్దించేది. ఈ వయసులో ఎందుకమ్మా అంటే, ఎవరో ఒకరు తీర్చాలి కదే అనేది. ఎండలు, వానలు, నిలబడి ప్రయాణాలు. పాదాలు బూరెల్లా పొంగేవి. తెనాలి వస్తే నేను వేణ్ణీళ్లలో ఉప్పు వేసి పెట్టేదాన్ని. కాళ్లు అందులో ఉండగానే కూర్చుని నిద్రపోయేది. అలసిపోయానని మాత్రం ఒక్కసారీ అనలేదు. అని ఉంటే బాగుండేది, నాకూ ఆవిణ్ణి చూసి చూసి అలుపొచ్చింది.

తమ్ముడి సంగతి నాకూ అమ్మకూ ఆలస్యంగా తెలిసింది, మరదలు చెప్పింది. పెళ్లాం పిల్లలు గుళ్లో కూర్చుంటే వాడు బయట జనరేటరు దగ్గర కూర్చునేవాడట. మైకు చెడిపోతే లోపలికెళ్లి బాగుచేసి వచ్చేవాడట. రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే బల్ల దగ్గరికి మాత్రం ఎన్నేళ్లయినా వెళ్లలేదు. మాట తప్పిన చేతులతో ఎట్టా తీసుకోమంటావు అనేవాడట.

తొంభైల చివర్లో అమ్మకు ఆయాసం ముదిరి నా దగ్గరికి వచ్చేసింది. వాడు ఆదివారాలు బాపట్ల నుంచి వచ్చేవాడు. గుడి ఎందుకు మానావని ఎవరూ అడక్కుండా మధ్యాహ్నం దాటాక దిగేవాడు. అమ్మ ఎదురుగా ఊరికే కూర్చోవడం వాడికి చేతకాదు. ఆ రోజూ అంతే, వచ్చీ రాగానే ఫ్యాను చప్పుడు చేస్తోందని స్టూలెక్కాడు. ఫ్యాను ఎక్కడికీ పోదు, దిగి రారా అంది అమ్మ. వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"నీకు జ్వరమొస్తే నాకు భయమేసిందిరా. ఆ భయంలో మాటిచ్చేశాను. నాది కానిది ఇచ్చాను, నిన్ను అడగలేదు. నువ్వు తప్పిందేం లేదు నాన్నా. దేవుడికీ ఇదే చెప్పుకున్నాను. నువ్వింక బల్ల దగ్గరికి వెళ్లు."

వాడు తలొంచుకుని ఆవిడ దుప్పటి సర్దాడు. చెవుల పైన జుట్టు నెరిసిందని నేను అప్పుడే గమనించాను.

"ఈ ముక్క నేను పెట్టెతో తిరిగొచ్చిన రోజు చెప్పుంటే బాగుండేదమ్మా."

గొంతులో కోపం లేదు. ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

"ఆ రోజు నాకూ తెలియదురా" అంది అమ్మ.

ఇద్దరూ ఏడవలేదు. వాడు ఆవిడ పాదాలు ఒళ్లో పెట్టుకుని సాయంత్రం బండి వేళ దాకా ఒత్తుతూ కూర్చున్నాడు. ఆ శీతాకాలమే అమ్మ పోయింది. రేపల్లెలో నాన్న పక్కనే మట్టి చేశాం. అడవులదీవి నుంచి ఆడవాళ్లు లారీ మాట్లాడుకుని వచ్చారు. వాళ్ల ఏడుపు ముందు మా ఏడుపు ఏ పాటిది.

ఆ తర్వాతి నెల బల్ల ఇచ్చే ఆదివారం నాడు తమ్ముడు గుళ్లోకి వెళ్లాడట. అందరితో పాటు లేచి, వరసలో సగం దూరం నడిచి, తిరిగొచ్చి కూర్చున్నాడట. ఇప్పుడు వాడు మనవల్ని ఎత్తుకుని చివరి బెంచీ మీద కూర్చుంటాడు. వెళ్లరా, అమ్మ చెప్పిందిగా అంటే, వెళ్తాలే అక్కా అంటాడు. ఆ మాట ఇవ్వడానికి అమ్మకు ఒక్క సాయంత్రం చాలింది, వెనక్కి తీసుకోవడానికి ఆవిడ బతుకంతా పట్టింది. అది తన మీద లేదని నమ్మడానికి మా తమ్ముడికి ఇంకా ఎన్నాళ్లు పడుతుందో నాకు తెలియదు.